మక్కల్ల నూనె ఏడుంటది బిడ్డా?

పోయిన ఎండాకాలం అమ్మ మా దగ్గరికి వచ్చినప్పుడు ఒకరోజు మక్క గారెలు చేస్తానని మొదలుపెట్టింది. మాది జగిత్యాల దగ్గర పల్లె, పసుపు చేన్లోనే మక్క కూడా వేసే ఊళ్లు మావి, వానాకాలంలో లేత కంకులు ఇంటికి వచ్చాయంటే ఒక పూట గారెలు ఉండాల్సిందే. ఇక్కడ మేముండేది అమెరికాలో, అయోవా రాష్ట్రంలో సీడర్ రాపిడ్స్ అనే ఊరు, ఇంట్లోంచి పది నిమిషాలు కార్లో పోతే కనుచూపు మేర మక్క చేనే, కానీ అదంతా దాణాకీ ఫ్యాక్టరీకీ పోయే మక్క, మనకి షాపులో దొరికేది స్వీట్ కార్న్, రుబ్బితే నీళ్లు నీళ్లు అయిపోతుంది. అమ్మ రెండు గుప్పిళ్లు బియ్యప్పిండి కలిపి దాన్ని ఎలాగో దారికి తెచ్చి, కడాయి పెట్టి నూనె అడిగింది. నేనిచ్చిన బాటిల్ మీద కంకి బొమ్మ ఉంది.

"గిదేం నూనె?"

"మక్క నూనె అమ్మా. కార్న్ ఆయిల్ అంటరు ఇక్కడ."

బాటిల్ని కిటికీ దగ్గర వెలుతురుకి పెట్టి చూసింది. "మక్కల్ల నూనె ఏడుంటది బిడ్డా? పల్లీలు నలిపితే చేతికి జిడ్డంటుతది, నువ్వులు నలిపినా అంటుతది. మక్కలు నలిపితే పిండే గదా వచ్చేది."

నా దగ్గర జవాబు లేదు. పన్నెండేళ్లుగా ఆ నూనె వాడుతున్నా, నా ఉద్యోగమే డేటాతో, అయినా ఈ ప్రశ్న నాకెప్పుడూ రాలేదు. చేతిలో మక్కలు ఒలిచి ఒలిచి వేళ్లు కాయలు కాసిన మనిషికే వచ్చింది. ఆ రోజు రాత్రి నుంచి మొదలుపెట్టి దాదాపు రెండు నెలలు ఖాళీ దొరికినప్పుడల్లా దీని వెంటే పడ్డా, తెలిసిందంతా ఇక్కడ రాసి పెట్టుకుంటున్నా.

ముందు అమ్మ ప్రశ్నకి జవాబు. అమ్మ అన్నది చాలావరకు కరెక్టే, మక్క గింజలో నూనె 4 శాతం చుట్టుపక్కలే ఉంటుంది, పల్లీల్లో, నువ్వుల్లో అయితే దాదాపు సగం నూనే. ఆ ఉన్న కొంచెం కూడా గింజంతా పరుచుకుని ఉండదు, గింజ మొన దగ్గర తెల్లగా మెత్తగా ఒక ముక్క ఉంటుంది చూడండి, నాటితే మొలక వచ్చేది దాంట్లోంచే, నూనెలో ఎక్కువ భాగం దాంట్లోనే దాక్కుని ఉంటుంది. మిగతా గింజంతా పిండి. అందుకని మక్కల్ని గానుగలో వేస్తే నూనె రాదు, ముందు ఆ మొలక ముక్కని గింజలోంచి విడదీయాలి, అది చేత్తో అయ్యే పని కాదు.

ఫ్యాక్టరీలో దాన్ని వెట్ మిల్లింగ్ అంటారు. మక్కల్ని గోరువెచ్చని నీళ్లలో కొంచెం సల్ఫర్ డయాక్సైడ్ కలిపి ఒకటిన్నర రోజు దాకా నానబెడతారు, గింజ మెత్తబడ్డాక మొలక చితికిపోకుండా పైపైన కచ్చాపచ్చాగా మరపట్టి గిర్రున తిప్పితే, నూనె ఉన్న మొలక తేలిక కాబట్టి పైకి వచ్చేస్తుంది, పిండీ పొట్టూ కిందకి పోతాయి. తర్వాత మొలకని ఎండబెట్టి మిషన్లో పిండి, మిగిలిన నూనెని కరిగించే ద్రావకం హెక్సేన్‌తో లాగి, జిగురు తీసి, రంగు తీసి, మైనం తీసి, వాసన తీసి బాటిల్లో పోస్తారు. మా ఊళ్లో ఇలాంటి మిల్లులు ఉన్నాయి, పక్కనే ఓట్స్ ఫ్యాక్టరీ కూడా ఉంది, అందుకే ఇక్కడివాళ్లు ఈ ఊరిని ఐదు వాసనల ఊరు అంటారు. గాలి ఇటు తిరిగినరోజు నానిన మక్కల వాసన ఇంట్లోకి వస్తుంది, అమ్మ వచ్చిన రెండోరోజే పట్టేసింది, "కుడితి వాసన వస్తుందే ఎక్కడో" అని.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ, అంటే ఎఫ్ఏఓ వాళ్లు ప్రతి దేశానికీ ఫుడ్ బ్యాలెన్స్ షీట్ అని ఒక లెక్క వేస్తారు, 1961 నుంచీ ఉంది, అందులో మొక్కజొన్న నూనెకి ఒక వరస ఉంటుంది, ఒక్కో మనిషికి రోజుకి దాన్నుంచి ఎన్ని గ్రాముల కొవ్వు సరఫరా అయ్యిందో ఏడాదివారీగా చూపిస్తుంది. నేను అమెరికా వరస డౌన్‌లోడ్ చేసుకుని దాన్ని గీతగా గీసుకుని కూర్చున్నా. మొదట నాకు అనిపించింది ఏంటంటే, ఈ గీత పెరిగిందంటే జనం కార్న్ ఆయిల్ ఎక్కువ ఇష్టపడ్డారు, తగ్గిందంటే ఇష్టం పోయింది, అంతే కదా అని. కాదు. తవ్వేకొద్దీ తెలిసింది, ఈ నూనె ఎంత తయారవ్వాలో వంటింట్లో ఎవరూ ఎప్పుడూ నిర్ణయించలేదు. పల్లి నూనె కావాలంటే రైతు పల్లీ వేస్తాడు. కార్న్ ఆయిల్ కోసం మక్క వేసే రైతు మాత్రం ఈ అయోవా అంతా వెతికినా దొరకడు. మక్క పిండి కోసం, ఆ పిండిలోంచి వచ్చే వాటికోసం మరపడతారు, నూనె ఆ పనిలో పక్కన మిగిలేది. మన ఇళ్లల్లో వడ్లు పట్టిస్తే తవుడు వచ్చినట్టు. తవుడు ఎక్కువ కావాలని ఎవరూ వడ్లు పట్టించరు కదా.

కథ మొదలైంది కూడా అలాగే. 1890ల చివర్లో ఇండియానా రాష్ట్రంలో టెర్రె హోట్ అనే ఊళ్లో హడ్నట్ అనే కుటుంబం మక్క నూక తీసే మిల్లు నడిపేది, వాళ్లే ఈ నూనె తీసే పద్ధతిని ఒక దారికి తెచ్చి దానికి మేజాయిల్ అని పేరు పెట్టుకున్నారు. తర్వాత 1911లో కార్న్ ప్రొడక్ట్స్ రిఫైనింగ్ కంపెనీ మజోలా పేరుతో వంట నూనెగా డబ్బాల్లో అమ్మడం మొదలుపెట్టింది, ఆ కంపెనీ అసలు వ్యాపారం గంజిపొడి, సిరప్. అంటే మొదటిరోజు నుంచీ నూనె రెండో సరుకే.

తర్వాత దశాబ్దాలు గబగబా దాటేస్తా, పందికొవ్వు, వెన్న వాడే దేశంలో ఇది నెమ్మదిగా చోటు చేసుకుంది. 1950ల చివర్లో, 1960ల మొదట్లో గుండెజబ్బుల భయం పట్టుకున్నాక దీని దశ తిరిగింది, ఎందుకంటే కార్న్ ఆయిల్లో సగానికి పైగా లినోలెయిక్ యాసిడ్ అనే పాలీ అన్‌సాచురేటెడ్ కొవ్వే, అది రక్తంలో కొలెస్ట్రాల్ తగ్గిస్తుందని తేలింది, 1961లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ వెన్నలాంటి కొవ్వుల బదులు ఇలాంటి నూనెలు వాడమని చెప్పింది. వెన్న బదులు వాడే మార్గరీన్ డబ్బాల మీద కార్న్ ఆయిల్ పేరు పెద్దక్షరాల్లో వచ్చింది. దీని గురించి ఇంకా చెప్పాలి, కానీ ముందు కోక్ గురించి చెప్పాలి, నాకు అన్నిటికంటే ఆశ్చర్యమేసింది అదే.

మా ఊరికి తూర్పున గంటన్నర పోతే మిసిసిపీ నది ఒడ్డున క్లింటన్ అనే ఊరు వస్తుంది. 1967లో అక్కడి క్లింటన్ కార్న్ ప్రాసెసింగ్ కంపెనీ జపాన్లో కనిపెట్టిన ఎంజైమ్ పద్ధతిని తెచ్చి మక్క పిండిలోంచి చక్కెర బదులు వాడే హై ఫ్రక్టోజ్ కార్న్ సిరప్‌ని వ్యాపారంగా తయారుచేయడం మొదలుపెట్టింది. పదిహేనేళ్లలో చక్కెర సంగతి మారిపోయింది, ప్రభుత్వం తన చెరకు, బీట్ రైతుల కోసం 1982లో చక్కెర దిగుమతుల మీద కోటాలు పెట్టింది, బయటి దేశాల కంటే ఇక్కడ చక్కెర ఖరీదైపోయింది, సిరప్ చౌక. 1984కల్లా కోకాకోలా, పెప్సీ రెండూ అమెరికాలో అమ్మే డ్రింకుల్లో చక్కెర మానేసి పూర్తిగా మక్క సిరప్‌కి మారిపోయాయి. 1999 వచ్చేసరికి ఒక్కో అమెరికన్‌కి ఏడాదికి 60 పౌండ్లకి పైగా ఈ సిరప్ సరఫరా అయ్యేది.

మరి దీనికీ నూనెకీ ఏంటి సంబంధం అంటే, సిరప్ చేయాలంటే ముందు మొలక తీసేయాలి. ఒక బుషెల్ మక్కలు అంటే 56 పౌండ్లు, మన లెక్కలో 25 కిలోలు పైచిలుకు. దాన్ని వెట్ మిల్లులో వేస్తే సుమారు 33 పౌండ్ల తీపి సిరప్ వస్తుంది, దాంతోపాటు పశువుల దాణా, ఇంకా ఒకటిన్నర పౌండ్ నూనె, అంటే 680 గ్రాములు. ఒక 355 ఎంఎల్ కోక్ టిన్నులో 39 గ్రాముల తీపి ఉంటుంది. కాగితం మీద భాగించి చూసుకున్నా, ఒక బుషెల్‌కి 380 టిన్నుల చిల్లర వస్తుంది, ఆ 680 గ్రాముల నూనెని వాటికి పంచితే టిన్నుకి దాదాపు రెండు గ్రాములు. ఎవరో ఎక్కడో ఒక కోక్ తాగిన ప్రతిసారీ ఎక్కడో ఒకచోట ట్యాంకులో రెండు గ్రాముల కార్న్ ఆయిల్ చేరిందన్నమాట, దాన్ని ఎవరైనా అడిగారా లేదా అన్నది వేరే సంగతి. అదే లెక్కన మనిషికి 60 పౌండ్ల సిరప్ అంటే రోజుకి మూడు గ్రాముల పైన నూనె, 30 కేలరీలు. ఇది నేను వేసుకున్న ఉజ్జాయింపు లెక్కే, గంజిపొడి, గ్లూకోజ్ సిరప్ లాంటి వాటినుంచి వచ్చేది దీనికి అదనం, బయటి దేశాలకి ఎగుమతయ్యేది దీంట్లోంచి తీసేయాలి, అయినా గీత ఎందుకు పెరిగిందో నాకు అర్థం కావడానికి ఆ టిన్ను లెక్క సరిపోయింది.

తయారైన నూనె ఎక్కడికో పోవాలి కదా. చిప్స్ ఫ్యాక్టరీలకి పోయింది, హోటళ్ల ఫ్రైయర్లకి పోయింది, మార్గరీన్‌కి పోయింది, మిగిలింది మా ఇంటి బాటిల్ లాంటివాటికి. ఫ్రిటోస్ అనే మక్క చిప్స్ ప్యాకెట్ వెనకాల చూస్తే మూడే పేర్లుంటాయి, మక్క, మక్క నూనె, ఉప్పు. ఇంత చేసినా అమెరికా మొత్తం వంట నూనెల్లో కార్న్ ఆయిల్ చిన్న తమ్ముడే, సగానికి పైగా వాటా సోయాబీన్‌ది, షాపులో ఉత్త వెజిటబుల్ ఆయిల్ అని రాసున్న బాటిల్ తిప్పి చూడండి, చాలామటుకు సోయాబీనే ఉంటుంది, తర్వాత కానోలా వచ్చి కూర్చుంది.

ఇంక గుండె సంగతి. ఇది చదివినరోజు నేను సరిగ్గా నిద్రపోలేదు, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నా. 1968 నుంచి 1973 దాకా మిన్నెసోటా యూనివర్సిటీ వాళ్లు ఒక పెద్ద పరీక్ష చేశారు, మిన్నెసోటా కరొనరీ ఎక్స్‌పెరిమెంట్ అంటారు, ఆరు మానసిక ఆసుపత్రులు, ఒక నర్సింగ్ హోమ్, మొత్తం 9,423 మంది. సగం మందికి ఆసుపత్రిలో మామూలుగా పెట్టే తిండి, సగం మందికి అదే తిండిలో వెన్న, మాంసం కొవ్వు తీసేసి వాటి బదులు కార్న్ ఆయిల్, కార్న్ ఆయిల్ మార్గరీన్. మనుషులు బయట తినే అవకాశం లేదు కాబట్టి ఎవరు ఏం తిన్నారో పక్కాగా తెలుసు. కార్న్ ఆయిల్ తిన్నవాళ్ల కొలెస్ట్రాల్ దాదాపు 14 శాతం తగ్గింది, అనుకున్నట్టే. కానీ చావులు తగ్గలేదు. పెద్ద ఫలితాలు బయటికొచ్చింది 1989లో, అంటే పరీక్ష అయిపోయిన పదహారేళ్లకి, లోపలి డేటా చాలావరకు అప్పుడు కూడా రాలేదు. ఆ పరీక్ష నడిపిన డాక్టర్ ఇవాన్ ఫ్రాంట్జ్ పోయాక, ఆయన కొడుకు ఇంటి బేస్‌మెంట్లో వెతికితే పాత ఫైళ్లు, మాగ్నెటిక్ టేపులు దొరికాయి. వాటిని క్రిస్టఫర్ రామ్స్‌డెన్ అనే పరిశోధకుడి టీమ్ మళ్లీ లెక్కకట్టి 2016లో బీఎంజే అనే వైద్య పత్రికలో వేసింది. కొలెస్ట్రాల్ ఎక్కువ తగ్గినవాళ్లలో చావు రిస్క్ ఎక్కువ కనిపించింది, 30 పాయింట్లు తగ్గితే 22 శాతం ఎక్కువ.

దీన్ని పట్టుకుని కార్న్ ఆయిల్ విషం అనేవాళ్లు నెట్ నిండా ఉన్నారు, నేను వాళ్లతో లేను. ఆ పరీక్షలో చాలామంది ఏడాది కూడా పూర్తిగా లేరు, ఆసుపత్రిలో చేరుతూ పోతూ ఉన్నారు, అప్పటి మార్గరీన్‌లో గుండెకి చెడు చేసే ట్రాన్స్ ఫ్యాట్ ఉండి ఉండొచ్చన్న అభ్యంతరం కూడా ఉంది, ఇలాంటి కారణాలతోనే 2017లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ తన సలహా రాసినప్పుడు దీన్ని లెక్కలోకి తీసుకోలేదు. వేరే పరీక్షల్లో మంచి ఫలితాలు వచ్చినవీ ఉన్నాయి. 2007లో అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కూడా రోజుకి ఒక టేబుల్‌స్పూన్, 16 గ్రాములు, వెన్నలో ఉండేలాంటి సాచురేటెడ్ కొవ్వు బదులు వాడితే గుండెకి మేలు కావొచ్చు అని బాటిల్ మీద రాసుకోనిచ్చింది, కాకపోతే ఆధారాలు చాలా పరిమితం, ప్రాథమికం అని కూడా అక్కడే రాయాలని షరతు పెట్టింది. నన్ను నిద్రపోనివ్వనిది నూనె మంచిదా చెడ్డదా అన్నది కాదు. అంతమంది, నోరు తెరిచి అడగలేని మనుషులు, వాళ్ల కంచాల మీద తెచ్చుకున్న లెక్క నలభై ఏళ్లు బేస్‌మెంట్లో అట్టపెట్టెల్లో ఉండిపోవడం. ఆ నలభై ఏళ్లలోనే గదా ఈ గీత పెరిగింది.

గీత గురించి ఇంకొక మాట, ఇది డేటాతో పనిచేసేదానిగా చెప్తున్నా. సరఫరా అంటే తిన్నది కాదు. ఎఫ్ఏఓ లెక్క ఎలా వస్తుందంటే దేశంలో తయారైంది ప్లస్ దిగుమతి, మైనస్ ఎగుమతి, నిల్వల్లో తేడా సర్ది, దాణాకి, ఫ్యాక్టరీలకి పోయింది తీసేసి, మిగిలినదాన్ని జనాభాతో భాగిస్తారు. హోటల్ ఫ్రైయర్‌లో పోసిన నూనెలో ఎంత మన కడుపులోకి పోయింది, ఎంత నల్లబడ్డాక పారబోశారు అన్నది దాంట్లో ఉండదు. గారెలు వేయించాక కడాయిలో మిగిలింది కూడా ఆ లెక్క ప్రకారం అమ్మా నేనూ తినేసినట్టే. అమెరికా వ్యవసాయ శాఖ వాళ్ల సొంత లెక్క 1909 నుంచి ఉంది, ఎంత గొప్ప సంగతి, కానీ కొవ్వులు నూనెల వరస 2010 దగ్గర ఆగిపోతుంది, ఎందుకంటే సెన్సస్ బ్యూరో నూనె మిల్లుల సర్వేని 2011లో ఆపేసింది, కింద సంఖ్య లేకపోతే పైన లెక్క ఎలా వస్తుంది. వందేళ్లు రాసుకుంటూ వచ్చిన పుస్తకం అక్కడ మూసేశారు. నాకది నిజంగా బాధనిపించింది.

అదీ సరిగ్గా ఎప్పుడు ఆగింది? మక్క నూనె దారి మారిపోతున్న టైంలో. 2005, 2007 చట్టాలతో పెట్రోల్‌లో ఇథనాల్ (మక్కలాంటివి పులియబెట్టి తీసే ఆల్కహాల్) కలపడం తప్పనిసరి అయ్యాక మక్క ఎక్కువగా డ్రై మిల్లులకి పోవడం మొదలైంది. అక్కడ నానబెట్టడం, మొలక తీయడం ఏమీ లేదు, గింజ మొత్తం పిండి చేసి పులియబెట్టడమే, నూనె కూడా ఆ కుడితిలోనే ఉండిపోయి దాణాలోకి పోయేది. తర్వాత ఆ పల్చటి కుడితిని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి నూనె లాగడం నేర్చుకున్నారు, ఇప్పుడు దాదాపు అన్ని ఇథనాల్ ప్లాంట్లలో అదే. దాని పేరు డిస్టిలర్స్ కార్న్ ఆయిల్, ఎర్రగా, చిక్కగా ఉంటుంది, మనుషులు తినే రకం కాదు, బయోడీజిల్‌కి, రెన్యువబుల్ డీజిల్‌కి, కోళ్ల దాణాకి పోతుంది. అది వెట్ మిల్లుల నూనెని మించిపోయింది ఇప్పుడు. అంటే దేశంలో తయారయ్యే మక్క నూనె పెరుగుతూనే ఉంది, కానీ కంచంలోకి రావట్లేదు, లారీ ట్యాంకులోకి పోతుంది. ఉత్త ఉత్పత్తి అంకె చూసి అమెరికావాళ్లు కార్న్ ఆయిల్ తెగ తింటున్నారు అని రాసినవి కనిపిస్తుంటాయి, అది తప్పు. ఇంకోవైపు సిరప్ కూడా 1999 తర్వాత తగ్గుతూ మనిషికి 40 పౌండ్ల చుట్టుపక్కలకి దిగింది, కోక్ తగ్గితే తినే మక్క నూనె కూడా తగ్గాల్సిందే.

ఇవన్నీ అమ్మకి అప్పుడప్పుడూ చెప్తూనే ఉన్నా, వంట చేస్తున్నప్పుడు, సాయంత్రం నడకకి పోయినప్పుడు. కోక్ టిన్ను లెక్క చెప్పినరోజు చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "అయితే తవుడు నూనె లెక్క" అంది. అంతే. నాకు రెండు నెలలు పట్టింది ఆ మాట దాకా రావడానికి.

అమ్మ ఊరికి పోయి ఆరు నెలలైంది. మొన్న ఫోన్‌లో మక్కల రేటు గురించి చెప్తూ, ఈసారి కొనేవాళ్లు ఇథనాల్ ఫ్యాక్టరీకి పంపుతున్నాం అంటున్నారట అంది. అవును, 2023-24 నుంచి మన దేశంలో కూడా ఇథనాల్‌కి మక్కజొన్నే పెద్ద ముడిసరుకు అయింది, ఇదివరకు కోళ్ల దాణా వాళ్లే పెద్ద గిరాకీ, ఇప్పుడు వాళ్లకి పోటీ వచ్చింది.

"మరి ఆడ గూడ మొలక తీస్తరా?"

"తియ్యరమ్మా, గింజంతా పిండి కొట్టి పులియబెడతరు. నూనె తీసినా తర్వాత కుడితిలోంచి తీస్తరు, అది బండ్లకి, కోళ్లకి."

"గారెలకు రాదన్నమాట."

"రాదు."

"సరే తియ్యి, డబ్బల పల్లి నూనె ఉన్నది" అని, కంకులు ఇంకో పది రోజుల్లో పాలు పట్టే టైం అయితదని చెప్పి పెట్టేసింది.